చలికాలంలో ఎండ కోసం

డిసెంబరులో లండన్‌లో పగలు 8 గంటలైనా ఉండదు. సాయంత్రం 4 గంటలకే దీపాలు వెలుగుతాయి. అందుకే ఎంతోమంది అక్కడినుంచి ఎండ వెతుక్కుంటూ కెనరీ దీవులకు వెళతారు. ఇవి స్పెయిన్‌వే గాని, ఉన్నది ఆఫ్రికా వాయవ్య తీరానికి దగ్గర, అట్లాంటిక్‌లో.

వీటిలో పెద్దది టెనెరిఫే. దీవి నడుమ 3,715 మీటర్ల ఎత్తున తేయిదే అగ్నిపర్వతం. ఈశాన్యపు గాలులు మోసుకొచ్చే మబ్బుల్ని కొండలే అడ్డుకుంటాయి. ఉత్తరాన పచ్చదనం, అరటితోటలు, తరచూ మబ్బు. దక్షిణాన పొడి నేల, ఎండ. జనవరిలోనూ తీరంలో పగటివేడి 20 డిగ్రీల దాకా ఉంటుంది.

కాబట్టి హోటల్ బుక్ చేసేముందు అద్దె కన్నా ముందు చూడాల్సింది అది ఏ వైపున ఉందన్నదే. ఎండే కావాలంటే దక్షిణాన లోస్ క్రిస్టియానోస్ వైపు తీసుకోండి. నాకైతే ఉత్తరపు పచ్చదనమే ఇష్టం. ఈతకొలనులో నీళ్లు వేడిచేస్తారా అని తప్పక అడగండి. శీతకాలంలో సముద్రం చల్లగానే ఉంటుంది. కొండెక్కేవారు స్వెట్టర్ మరవకండి, పైన మంచు పడుతుంది.

లండన్‌లో ఉండే మనవాళ్లకు ఇంకో సౌకర్యం: అక్కడా ఈ దీవుల్లోనూ గడియారంలో టైము ఒక్కటే.