సోప్రానో శాక్సఫోన్‌లో శ్రుతి ఎక్కడ చెడుతుంది?

(డిగ్లీపూర్‌లో జరిగిన మన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను ఉపన్యాసకుణ్ణి కాను. పచ్‌మఢీ మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో తర్ఫీదు పొంది, బ్యాండులో క్లారినెట్, శాక్సఫోన్ ఊది పెన్షను పుచ్చుకున్న సుబేదారుని. అందుచేత సంగీతశాస్త్రం జోలికి పోకుండా పనిముట్టు గురించే మాట్లాడతాను.

పోయిన ఆగస్టు 15న జెండా దగ్గర మన పిల్లలు జనగణమన వాయించారు. తరువాత కొందరు "ఆ సన్నవి రెండూ తీసేయండి, చెవిలో గుచ్చుకుంటున్నాయి" అన్నారు. ఆ రెండూ సోప్రానోలు. ఒక తల్లి అయితే బిడ్డ వాయిద్యం అమ్మేస్తామని నాతో అన్నది. అమ్మవద్దమ్మా అని చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను. ఆ రెండింటినీ నేను ఊది చూశాను. వాటిలో లోపం లేదు.

శాక్సఫోన్ మన ఫౌజువాళ్ల వస్తువే. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ శాక్స్ 1846లో పారిస్‌లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మొదట దానికి చోటిచ్చింది మిలిటరీ బ్యాండ్లే. మన దక్షిణాదిలో కద్రి గోపాలనాథ్ గారు దాని మీద కర్ణాటక సంగీతం పలికించి, 1994లో లండన్ బి.బి.సి. ప్రామ్స్ కచేరీలో వాయించారు. ఆయనది ఆల్టో. సోప్రానో అంతకన్నా పొట్టిది, పై స్థాయిది. గొట్టం పొట్టిదైనప్పుడు పెదవి చేసే కొద్దిపాటి తేడా కూడా పెద్దగా వినిపిస్తుంది. ఆల్టోలో చెల్లిపోయే పొరపాటు దీనిలో చెల్లదు.

ముందు మన ఊరి వాతావరణం సంగతి. గాలి వేడెక్కితే గొట్టంలో శబ్దం వేగం పెరిగి స్వరం పైకి పోతుంది. 10 డిగ్రీలు పెరిగితే లెక్క ప్రకారం సుమారు 30 సెంట్లు. కీబోర్డు మీద పక్కపక్క కీల మధ్య దూరం 100 సెంట్లు, అంటే ఇది దాదాపు మూడో వంతు. మన ఊపిరి గొట్టాన్ని ఎలాగూ వెచ్చబరుస్తుంది కాబట్టి అసలు తేడా కొంత తగ్గుతుంది గాని, పోదు. ఎలక్ట్రానిక్ కీబోర్డుకు ఎండా లేదు, వానా లేదు, అది కదలదు. ఆ రోజు వాన వెలిసి ఎండ కాసింది. ఎండలో నిలబడ్డ సోప్రానోలు పైకి పోయాయి, కీబోర్డు ఉన్నచోటే ఉంది. ఇందులో పిల్లల నేరం ఏముంది?

కాబట్టి వాయిద్యాన్ని నీడన ఉంచి, అయిదు నిమిషాలు ఊది, వెచ్చబడ్డాకే శ్రుతి చూసుకోవాలి. స్వరం పైకుంటే మౌత్‌పీసు వెంట్రుకవాసి బయటికి లాగాలి, కిందికుంటే లోపలికి తోయాలి. ఎక్కువ లాగితే మాత్రం చిక్కు. తక్కువ వేళ్లతో పలికే స్వరాలకు గొట్టం చిన్నది, కాబట్టి అవి ఎక్కువ దిగుతాయి, అన్ని వేళ్లూ మూసిన స్వరాలు తక్కువ దిగుతాయి. ఒకటి సరిచేయబోతే ఇంకొకటి చెడుతుంది.

మిగిలినది దవడ పని. సోప్రానో చూడటానికి క్లారినెట్‌లాగే ఉంటుంది కనుక, క్లారినెట్ నుంచి వచ్చినవాళ్లు అదే బిగింపు బిగిస్తారు. కొత్తవాళ్లు భయంతో కొరుకుతారు. దీనికి ఒక పరీక్ష ఉంది. మౌత్‌పీసు ఒక్కటే తీసి ఊదండి. కీబోర్డు నడిమి సి కి రెండు స్థాయిల పైనున్న సి దగ్గర పలకాలి. అంతకన్నా పైకి పోయిందా, కొరుకుతున్నట్టే. గొంతు లోపల "ఈ" అన్నట్టు కాక "ఓ" అన్నట్టు తెరవండి, దానంతటదే దిగుతుంది. నడిమి డి, అంటే అష్టమ కీ నొక్కి చేతులు రెండూ మూసే స్వరం, చాలా వాయిద్యాల్లో పైకి పోతుంది. అక్కడ ఈ "ఓ" బాగా పనికొస్తుంది.

తరువాత తంబురా. సెల్‌ఫోనులోనైనా దొరుకుతుంది. సోప్రానో మీద సి వేళ్లు పెడితే వచ్చేది మన ఆరున్నర శ్రుతి. తంబురా ఆ శ్రుతికి పెట్టి, ఒక్కొక్క స్వరం ఊపిరి ఉన్నంతసేపు పట్టండి. రెండు ధ్వనులు కలవకపోతే మధ్యలో అలలు వినిపిస్తాయి. 440, 444 కలిపి పలికితే సెకనుకు నాలుగు అలలు. అలలు నెమ్మదించి ఆగేదాకా సర్దుకోవాలి. తరువాత కింది జి నుంచి పై జి కి, దవడ కదపకుండా అష్టమ కీ ఒక్కటే నొక్కి వెళ్లండి. ట్యూనరు ముల్లు చూస్తూ ఊదకండి. కళ్లు మూసుకుని ఊది, స్వరం నిలిచాక చూడండి. లేకపోతే కన్ను నేర్చుకుంటుంది, చెవి నేర్చుకోదు.

సోదరులకు పరేడు భాషలో చెప్తాను. "దాహినే సజ్" అంటే ఏం చేస్తాం? కుడివైపు మనిషిని చూసి సర్దుకుంటాం. అందరూ తమకు తోచినచోట నిలబడితే లైను ఉండదు. బ్యాండులో ఆ పని చెవిది. కీబోర్డు కదలదు గనక, దాన్ని కుడివైపు మనిషి అనుకోండి.

రీడు గురించి కూడా ఒక మాట. కొత్తవాళ్లకు 2 లేక 2½ నంబరు చాలు. మరీ గట్టిదైతే కొరకక తప్పదు. మరీ మెత్తనిదైతే పై స్వరాలు జారతాయి. ఈ ఊరి తేమకు రీడు ఉబ్బుతుంది, బూజు పడుతుంది. ఊదాక తుడిచి చదునుగా ఉండే పెట్టెలో పెట్టి, మూడు నాలుగు రీడ్లు వంతులవారీగా వాడండి. కీల కింది ప్యాడ్లు కూడా ఉబ్బి, గాలి వదులుతాయి. పలుచని కాగితం ముక్క ప్యాడు కింద పెట్టి, మూసి లాగండి. కాగితం పట్టుబడకుండా జారివస్తే అక్కడ గాలి పోతున్నట్టే. పోర్టుబ్లెయిరు, అంటే ఇప్పటి శ్రీవిజయపురం, రోడ్డున 300 పైచిలుకు కిలోమీటర్లు. కాబట్టి ఈ చిన్న పరీక్షలు ఇంట్లోనే నేర్చుకోవాలి.

జనవరి 26కు మనకు ఇంకా సమయం ఉంది. రోజుకు అరగంట, అందులో పావుగంట పాటలేమీ లేకుండా వట్టి స్వరాలే. పిల్లలూ, ఇప్పుడు మౌత్‌పీసులు తీసి ఇలా ముందుకు రండి, ఒక్కొక్కరిదీ వింటాను. జైహింద్.