ముందు ‘ఎందుకు’ అని అడుగుదాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కాలేజీలో వీడియో నిర్మాణం నేర్పుతున్న నేను ఈ సభలో ఒక తప్పు ఒప్పుకోవాలి. ఓ కుర్రాడు వాళ్లమ్మ టైలరింగ్ పని మీద మూడు నిమిషాల చిత్రం తీశాడు. చేతులు, కుట్టుమిషన్ చప్పుడు తప్ప ఆమె ముఖం ఎక్కడా లేదు. ‘ఫ్రేమింగ్ లోపం’ అని రాసి మార్కులు కోశాను. కారణం అడగలేదు. కోర్సు చివరి రోజు అతనే చెప్పాడు: “బట్టలిచ్చేవాళ్లెవరూ అమ్మ ముఖం చూడరు సార్.” ఆ తర్వాత అతను మళ్లీ కెమెరా పట్టలేదు.

1919లో మాస్కోలో మొదలైన సినిమా స్కూల్లో ముడిఫిల్ముకు కరువు. కులెషోవ్ శిష్యులు ఫిల్ము లేకుండానే షాట్లు విడదీసుకుని, నటించి సాధన చేశారు. పుదోవ్కిన్ వారిలో ఒకడు.

మన బడిలోనూ గోడపత్రికకు మాస్టారు ఒకే డ్రాయింగ్ షీటు ఇచ్చేవారు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మేమే తేల్చుకునేవాళ్లం. “ఇదెందుకు తీసేశారు?” అని మాత్రం తప్పక అడిగేవారు. నా మొదటి ఎడిటింగ్ పాఠం అదే. దాన్నే మరిచాను.

ఇప్పుడు ఆ ప్రశ్న అడిగాకే మార్కులు వేస్తున్నాను. ఉపాధ్యాయ మిత్రులకూ నా మనవి ఇదే.