వినలేనివారే దుబాసీలు కావాలి

(చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాలలో ఎకరం ధర ఎంత పెరిగిందో మేము చెప్పనక్కరలేదు. అమ్మకాలతో పాటు పంపకాలూ పెరిగాయి. ఆ కాగితాలపై వేలిముద్ర వేసేవారిలో చెవులు వినిపించని, మాట రాని సోదరీమణులు కూడా ఉంటారు. కాగితంలో ఏముందో ఆమెకు చెప్పేది ఎవరు? తరచుగా ఆమె వాటా తగ్గితే లాభపడే అన్నదమ్ములే. ఆమె తల ఊపితే సమ్మతించిందని రాసుకుంటారు. ప్రభుత్వ కొలువులో దరఖాస్తుల మధ్య ఏళ్లు గడిపిన మావంటివారికి ఆ తల ఊపు సంగతి తెలుసు. అర్థం కాకపోయినా వారు తల ఊపుతారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 13వ సెక్షనులో, ఆస్తి కలిగి ఉండటానికి, వారసత్వంగా పొందటానికి వారికి ఇతరులతో సమాన హక్కు ఉందని చెప్పింది. సహాయం చేసేవారికి ఆ ఆస్తిలో విరుద్ధ ప్రయోజనం ఉంటే వారు తప్పుకోవాలని కూడా ఆదేశించింది. మాట్లాడలేని సాక్షికి న్యాయస్థానం దుబాసీ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుని సహాయం తీసుకోవాలని, వాంగ్మూలాన్ని వీడియో తీయాలని 2013 సవరణ నిర్దేశించింది. 2023 నాటి కొత్త సాక్ష్య చట్టంలోనూ ఆ నియమం కొనసాగుతున్నది.

మన ఫిఖ్హ్ ఈ మాట ఎంతో ముందే చెప్పింది. మూగవారి స్పష్టమైన సైగ నోటిమాటతో సమానమని ఉస్మానియా సల్తనత్ కాలపు మజల్లా 70వ నియమం పేర్కొన్నది. నికాహ్‌లో ఇజాబ్, ఖుబూల్ కూడా అలాంటి సైగతో చెల్లుతాయి. కాని ఆ సైగను సరిగా గ్రహించే మనిషి ఉండాలి కదా!

ఇక్కడే అసలు చిక్కు. బడి ముఖం చూడని బధిరులకు భారతీయ సంజ్ఞాభాష రాదు. వారికి తెలిసినవి ఇంట్లో పుట్టిన సైగలే. శిక్షణ పొందిన, వినగలిగిన దుబాసీకి కూడా అవి అందవు. చూపునే భాషగా చేసుకొని పెరిగిన బధిరులు వాటిని త్వరగా పట్టుకోగలరు. అందుచేత ఇద్దరు కలిసి కూర్చోవాలి. వినగలిగినవారు తెలుగును, ఉర్దూను సంజ్ఞాభాషలోకి మార్చితే, బధిర దుబాసీ దానిని అభినయంతో, బొమ్మతో, ఆమె సైగలతో ఆమెకు చేరవేస్తారు. జవాబు అదే దారిన తిరిగి వస్తుంది. అమెరికా న్యాయస్థానాలలో ఈ పద్ధతి ఉంది. మన దేశంలో 2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సంజ్ఞాభాషా దుబాసీ సహాయంతో సుప్రీంకోర్టులో వాదన వినిపించారు.

ఈ పనికి సైగలు తెలిస్తే చాలదు. విన్నదానికి కలపకూడదు, తగ్గించకూడదు. తెలిసిన రహస్యాన్ని బయటపెట్టకూడదు. ఒకరి పక్షాన నిర్ణయం చేయకూడదు. ఇవన్నీ శిక్షణతోనే వస్తాయి.

2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పదివేల పదాల నిఘంటువును సిద్ధం చేసింది. ఆ భాషను బోధించటానికి బధిరులకు, దుబాసీలు కావటానికి వినగలిగినవారికి వేర్వేరు డిప్లొమాలు ఉన్నాయి. బోధించగలిగిన బధిరులకు దుబాసీ పనిలోనూ శిక్షణ ఇవ్వాలని మనం కోరాలి. 1983లో ముంబైలో ఏర్పడిన జాతీయ వాక్ శ్రవణ సంస్థ మన హైదరాబాదు వారైన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరనే ఉంది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులోనే ఉన్నది. అక్కడ విచారించటానికి మనకు ఒక పూట చాలు.

మీకు మా విన్నపాలు మూడు. ఒకటి, బధిర పిల్లల చదువు, ముఖ్యంగా ఆడపిల్లల చదువు, మధ్యలో మాన్పించకండి. ఈ డిప్లొమాలకు ఇంటర్ పూర్తి కావాలి. రెండు, భూమి కాగితమైనా, నికాహ్ అయినా, బంధువు కాని దుబాసీ లేనిదే వేలిముద్ర తీసుకోనివ్వకండి. మూడు, మన రెండు మండలాల నుండి ముందుకు వచ్చే బధిర యువతీయువకుల పేర్లు మాకు ఇవ్వండి. వారి శిక్షణ కోసం, కార్యాలయాలలో వారికి గౌరవ వేతనం కోసం కలెక్టరుగారికి అర్జీ పెడదాము. ఆ అర్జీపై మొదటి సంతకాలు బధిరులవే కావాలి.