ఒకే పటం, వేరు వేరు అచ్చులు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మన కోరాపుట్, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలోనివే. ఆనాటి రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలు మీ ఇంట ఉన్నట్లయితే భూతద్దంతో పరిశీలించండి. 1894లో రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం రంగుకొక రాతిపలక చొప్పున పటాలను అచ్చువేసింది. కాగితం వెంట్రుకవాసి జరిగినా ఎరుపు పెదవిని దాటిపోతుంది. రాతిపై గీత అరిగితే చీర అంచు మసకబారుతుంది. అమెరికాలో 1909–11 నడుమ సిగరెట్ పెట్టెలలో ఉంచిన బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలదీ ఇదే అచ్చు, ఇవే తేడాలు. అక్కడివారు ఆ తేడాలను సైతం గుర్తించి దాచుకుంటారు. మనమో, వెలిసిన పటమని రావిచెట్టు మొదట విడిచివస్తాము.

రాతి అచ్చులో క్రమం లేని నలుసులు కనిపిస్తాయి. తరువాతి ఆఫ్‌సెట్ నకలులో సన్నని చుక్కలు బారులు తీరి ఉంటాయి. ఈ భేదమెరుగక పాతదానిని విడిచి, మెరిసే నకలును గోడకెక్కిస్తే తాతముత్తాతలు చేతులు జోడించిన పటం తిరిగి రాదు. పారవేయుటకు ముందు పరికించి చూచే అలవాటు మన పిల్లలకు ఈ బడిలోనే అబ్బాలని నా ఆకాంక్ష.