విదేశయాత్ర - సుంకపు వాకిలి

ఇల్లు మార్చుట ఉన్న ఊరిలోనే శ్రమతో కూడిన పని. దేశమే మార్చువారు ఆ శ్రమకు తోడు సుంకపు వాకిలిని కూడ దాటవలసియుండును. డల్లాసునకు కాపురము పోవు విజయవాడ దంపతులైనను, పండ్రెండేండ్లు దుబాయిలో పనిచేసి కరీంనగరు జిల్లాకు మరలివచ్చు కార్మికుడైనను, పెట్టె కట్టునప్పుడు ఒకే విధమైన సందేహములకు లోనగుదురు. ఏది వెంట గొనిపోవచ్చును? దేనికి సుంకము పడును? ఏది అసలే కూడదు? బట్టలను, పాత్రలను గూర్చి ఈ సందేహము స్వల్పము. టెలివిజను, కంప్యూటరు, కెమెరా, పాటల పెట్టె, రికార్డులు, క్యాసెట్లు - వీనిని గూర్చియే చిక్కంతయు.

సుంకమనిన బెదరుట మన వాడుక. కాని బెదరును పోగొట్టిన సుంకము కూడ మన చరిత్రలో కలదు. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయశాసనము వేయించెను. అంతకుముందు గాలివానకు ఒడ్డునపడిన ఓడల సరకును రాజులు బలాత్కారముగ గైకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పి, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు చొప్పున నిర్ణీతమైన సుంకమును మాత్రమే గ్రహింతునని రాతిపై చెక్కించెను. దానివలన ఓడవర్తకునకు కలిగిన మేలేమి? తాను చెల్లింపవలసినది ఇంతయని ముందుగనే తెలిసినది. తెలియని సుంకము భయము. తెలిసిన సుంకము లెక్క. విమానములో వచ్చు నేటి ప్రయాణికునకు కూడ ఇదియే సూత్రము.

సుంకాధికారి ప్రధానముగ విచారించునది ఒక్కటే: ఈ వస్తువు సొంత వాడుకకా, వర్తకమునకా? మన దేశమున 1962 నాటి కస్టమ్సు చట్టములో సామానును గూర్చి ప్రత్యేకముగ ఒక అధ్యాయము కలదు. యాత్రికుడు తన సామానులోని వస్తువులను తానే ప్రకటింపవలెనని 77వ సెక్షను చెప్పును. నిజముగ యాత్రికుని వాడుకకైన వస్తువులకు నియమముల మేరకు మినహాయింపును 79వ సెక్షను కల్పించును. ఆ మినహాయింపు ఎంతవరకను అంకె మాత్రము కాలమును బట్టి మారుచుండును. 2016 నాటి సామాను నియమములలో అది చాలమందికి 50,000 రూపాయలుగ నుండెను. 18 ఏండ్లు నిండిన యాత్రికుడు ఒక ల్యాప్‌టాపును సుంకము లేక తెచ్చుకొనుటకు 2004లో వేరొక ఉత్తరువు అవకాశమిచ్చెను. విదేశములో నివసించిన కాలము పెరిగినకొలది, వాడిన గృహోపకరణములకు దొరకు రాయితీయు పెరుగును. కావున పొరుగువాడు మూడేండ్ల క్రిందట చెప్పిన అంకెను నమ్మి బయలుదేరరాదు. టిక్కెట్టు కొన్న దినముననే కస్టమ్సు శాఖవారి తాజా ప్రకటనను చూచుకొనవలెను.

రాయితీలు తగ్గుటకు కారణము కూడ తెలిసికొనదగినదే. ఒకప్పుడు బాంకాకునుండియు, దుబాయినుండియు పలుచని టెలివిజనులు సామాను పేర విస్తారముగ దిగుచుండెను. 2013 ఆగస్టు 26 నుండి ప్రభుత్వమువారు వానిని ఉచిత పరిమితినుండి తొలగించి, నూటికి 35 రూపాయలకు పైగా సుంకమును విధించిరి. సొంత వాడుకకని చెప్పి కొందరు చేసిన వర్తకమునకు ఫలితమును అందరును అనుభవించిరి.

అన్య దేశములయందును విచారణ ఇదే తీరున నడచును. అమెరికాకు కాపురము మార్చువారు విదేశమున ఏడాదియైనను వాడిన గృహవస్తువులను సుంకము లేక తెచ్చుకొనవచ్చును. బ్రిటనులో ఆరు మాసములైనను తమ యాజమాన్యమున ఉంచుకొని వాడినవై యుండవలెను. తెచ్చిన పిమ్మట ఏడాది వరకు వానిని అమ్మరాదు. అనగా ప్రయాణపు ముందు వారమున కొన్న క్రొత్త యంత్రముకంటె, గీతలు పడిన పాత యంత్రమే ఆ వాకిట మిన్న.

పాతదని నోటితో చెప్పిన చాలదు. కొన్ననాటి బిల్లు, యంత్రముపైనున్న సీరియల్ నంబరు, ఫోటో - ఈ మూడింటిని ఒక కాగితపు సంచిలో చేతనే ఉంచుకొనవలెను. విలువగల కెమెరాను గాని, కంప్యూటరును గాని ఇచ్చటినుండి గొనిపోయి మరల తేదలచినవారు, పోవునపుడే కస్టమ్సువారికి చూపి ఎగుమతి ధ్రువపత్రమును పొందుట మేలు. అట్లు చేసినచో, తిరిగివచ్చునాడు తన వస్తువే తనకు విదేశపు సరకుగ మారదు.

విమానాశ్రయమున రెండు దారులుండును. ప్రకటింపవలసినది లేనివారికి పచ్చదారి, ఉన్నవారికి ఎర్రదారి. ఎర్రదారి అపరాధుల దారి కాదు. అడిగి తెలిసికొను దారి. నిజము ప్రకటించినవారికి చట్టములో ఒక సౌకర్యము కూడ ఉన్నది. సుంకము కట్ట నిష్టములేని వస్తువును అధికారులవద్ద ఉంచి, దేశము విడిచి పోవునపుడు మరల తీసికొనవచ్చునని 80వ సెక్షను చెప్పుచున్నది. దాచి పట్టుబడినవానికి ఈ వరము లేదు.

సుంకముతో సంబంధములేని నిషేధములు కొన్ని గలవు. ఉపగ్రహముతో నేరుగ మాటలాడు ఫోను అనేక దేశములలో చెల్లును. అనుమతి లేక మన దేశమునకు తెచ్చినచో నేరమగును. విడి లిథియము బ్యాటరీలను, పవర్ బ్యాంకులను విమానపు సరకుల అరలో వేయు పెట్టెయందు ఉంచరాదు, చేతిసంచిలోనే ఉంచవలెను. నిప్పంటుకొన్నచో ఆర్పుటకు మనుష్యులు ఉండునది ప్రయాణికుల నడుమనే గదా! సామాన్యముగ 100 వాట్ అవర్ల వరకు అభ్యంతరముండదు. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్లని వ్రాసియున్న పవర్ బ్యాంకు, 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లే యగును.

సుంకపు వాకిలి దాటిన వస్తువు అచ్చట పనిచేయునా యనునది వేరొక ప్రశ్న. మన విద్యుత్తు 230 వోల్టులు, సెకనునకు 50 ఆవృత్తులు. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవృత్తులు. ట్రాన్సుఫార్మరు వోల్టులను మార్చును గాని ఆవృత్తులను మార్చజాలదు. విద్యుత్తు లయను బట్టి తిరుగు మోటారుగల పాత గ్రామఫోను యంత్రము అచ్చట అయిదింట ఒక వంతు వడిగా తిరుగును. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగవలసిన రికార్డు 40 చుట్లు తిరుగును. గంభీరమైన గాత్రము పిల్లవాని గొంతుగ మారును! డి.వి.డి. పళ్లెరములకు ప్రపంచమును మండలములుగ విభజించిరి: భారతదేశము అయిదవది, అమెరికా మొదటిది, గల్ఫు దేశములు రెండవది. ఒక మండలమునకై చేసిన పళ్లెరము మరియొక మండలపు యంత్రములో తరచు పలుకదు. ఇట్టివానికి కిరాయి చెల్లించుటకంటె, ఇచ్చటనే బంధువులకు ఇచ్చివేయుట లాభము.

ఇక కడపటి మాట. అన్నిటికంటె విలువైనది సుంకాధికారి పట్టికలో విలువ లేనిది. తాతగారి మాటలు, పెండ్లినాటి నాదస్వరము, గల్ఫునకు పోయిన భర్తకు భార్య క్యాసెట్టులో నింపి పంపిన యింటి కబుర్లు - వీనికి ఏ దేశమున సుంకము కట్టుదురు? పోయినచో ఏ బజారున కొందురు? శబ్దములను భద్రపరచు వృత్తిలోనున్న మేము ఇట్టివాని విషయమున రెండు జాగ్రత్తలను తప్పక పాటింతుము. మొదటిది, ప్రయాణమునకు ముందే వానిని హార్డ్ డిస్కులోనికి ఎక్కించుట. రెండవది, ప్రతులను ఒకేచోట ఉంచక, ఒకటి యింటను, ఒకటి వెంటను ఉంచుట. విమానాశ్రయపు ఎక్సురే కిరణములు క్యాసెట్టును చెరపవు. బలమైన అయస్కాంతము చెరపును. కడుగని ఫోటో ఫిల్ముకు మాత్రము ఎక్సురే హాని చేయును. దానిని చేతికిచ్చి చూపుట మంచిది. కొన్ని దేశముల అధికారులు పుస్తకములలోను, పళ్లెరములలోను, ఫోనులలోను ఏమున్నదో తెరచి చూచు అధికారము గలవారు. అచ్చటి మర్యాదకు విరుద్ధమైనవానిని, దొంగప్రతులను ఇంటనే విడుచుట క్షేమము.

కావున పెట్టె కట్టుటకు ముందు కాగితముపై మూడు వరుసలు వ్రాసికొనుడు: కొనిపోవునవి, ప్రకటింపవలసినవి, ఇచ్చటనే ఉంచవలసినవి. టెలివిజను మూడవ వరుసకు పోయినను చింతలేదు. తల్లి కంఠము నిలిచిన క్యాసెట్టును మాత్రము సరకుల అరకు అప్పగింపకుడు. అది చేతిసంచిలో ఉండదగినది.