ఇల్లు కదులుతుంది, మడి కదలదు: బుగిస్ రైతు ఊరి నుంచి మన యువతకు కొన్ని మాటలు

 

భూమి మాట రాకుండా మన సభ ఒక్కటీ ముగియదు. ఈసారి మన కొండలను కాసేపు పక్కన పెట్టి, సముద్రం అవతల ఒక రైతు జనం తమ ఇంటిని, పొలాన్ని ఎలా చూసుకుంటారో చెప్పాలనుకున్నాం. మేము చదివి, మాలో మేము చర్చించుకుని తెలుసుకున్న సంగతులివి.

ఇండోనేషియాలో సులవేసి అనే పెద్ద దీవి ఉంది. దాని దక్షిణ భాగం బుగిస్ జనం సొంతగడ్డ. 2010 జనాభా లెక్కల్లో వాళ్లు 60 లక్షలు దాటారు. బోనే, వజో, సొప్పెంగ్ వంటి రాజ్యాలు వాళ్లవి. 17వ శతాబ్దం మొదట్లో ఇస్లాం స్వీకరించారు. వాళ్లకు లోంతరా అనే సొంత లిపి ఉంది. మన తెలుగు లిపిలాగే అదీ బ్రాహ్మీ కుటుంబంలోదే. ఓడల మీద తిరిగే వ్యాపారులుగా లోకం వాళ్లను ఎరుగును గానీ, వాళ్లలో ఎక్కువమంది వరి పండించుకునే రైతులే.

ముందు ఇంటి సంగతి. బుగిస్ ఇల్లు స్తంభాల మీద నిలబడే కొయ్య ఇల్లు. అందులో మూడు అంతస్తులు. కింద ఖాళీ జాగాలో కోళ్లు, పశువులు, నాగలి సామాను. మధ్యలో మనుషులు. పైన అటక, దాన్ని రక్కెయాంగ్ అంటారు. పాతకాలం నుంచి ఆ అటక మీద వరి పనలు దాచేవారు. మనుషుల కంటే ఎత్తున ధాన్యం ఉండేదన్న మాట. ఎందుకంటే వరి వాళ్లకు ఒట్టి గింజ కాదు, సంగియాంగ్ సెర్రి అనే దేవత. భూమి మీదికి దిగివచ్చిన మొదటి దేవుడి బిడ్డ పసితనంలోనే చనిపోతే, ఆమె సమాధి మీద వరి మొలిచిందని వాళ్ల పురాణ కథ. ఇస్లాం వచ్చి నాలుగు వందల ఏళ్లయినా ఆ కథను వాళ్లు మరిచిపోలేదు. కోత అయ్యాక ఆడా మగా చేరి రోకళ్లతో పొడవాటి రోలును తాళంగా దంచే పండుగ నేటికీ చాలా ఊళ్లలో ఉంది.

ఆ ఇల్లు కదులుతుంది. చోటు మార్చాలంటే స్తంభాలకు వెదురు బొంగులు కట్టి, ఊరి మగవాళ్లు పదుల సంఖ్యలో భుజాలకెత్తుకుని మోసుకుపోతారు. ఆడవాళ్లు అందరికీ వంట చేస్తారు. దూరమైతే విప్పి, కొయ్యలు తీసుకెళ్లి మళ్లీ నిలబెడతారు. అందుకే అక్కడ ఇల్లు వేరే ఆస్తి, దాని కింది నేల వేరే ఆస్తి. బంధువుల జాగాలో వాళ్ల అనుమతితో ఇల్లు వేసుకున్నవాళ్లు ఉంటారు. ఇల్లు మాత్రమే అమ్ముకుని నేల ఉంచుకున్నవాళ్లూ ఉంటారు.

ఇక పొలం. నీళ్ల మడిని గలుంగ్ అంటారు, మెట్ట చేనును దరె అంటారు. మడి చేతికి వచ్చే దారులు ముఖ్యంగా రెండు: వారసత్వం, పెళ్లి. పెళ్లిలో వరుడి వైపువారు వధువుకు ఇచ్చే సొంపలో చాలాసార్లు ఒక మడి చెక్కో, కొన్ని కొబ్బరి చెట్లో ఉంటాయి. అది ఆమె సొంతం. వారసత్వంలో కొడుకులకూ కూతుళ్లకూ ఇద్దరికీ వాటా ఉంది. మగవాడు కావడి మోస్తాడు, ఆడది నెత్తిన మూట మోస్తుంది అని అక్కడ ఒక సామెత. కావడికి రెండు బరువులు, నెత్తికి ఒకటి. అంటే కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒకటి. ఇది సమానం కాదు, మేము ఒప్పుకుంటాం. కానీ చాలా కుటుంబాల్లో తల్లిదండ్రులను చివరిదాకా చూసుకున్న బిడ్డకే ఇల్లు దక్కుతుంది. ఎక్కువగా ఆ బిడ్డ కూతురే.

తరాలు గడిచేకొద్దీ చెక్కలు చిన్నవవుతాయి. కొన్నిచోట్ల పంచుకోకుండా తోబుట్టువులు ఏడాదికొకరు చొప్పున వంతుగా సాగు చేస్తారు. భూమి లేనివాళ్లు, ఊళ్లో లేనివాళ్ల పొలం పాలుకు తీసుకుంటారు. ఆ పద్ధతి పేరు తెసెంగ్. ఎవరు విత్తనం పెట్టారు, ఎవరు ఎరువు పెట్టారు అన్నదాన్ని బట్టి పంటలో పాళ్లు మారతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. పూర్వీకుల మడిని అమ్మడం బుగిస్ ఇంట్లో నామోషీ. పరువును వాళ్లు సిరి అంటారు, ప్రాణం కంటే ఎక్కువగా చూసుకుంటారు. మరి పెళ్లి ఖర్చులకు, హజ్ యాత్రకు, పిల్లల చదువుకు డబ్బు కావాలంటే? మడిని సన్రా పెడతారు. మన మాటలో స్వాధీనపు తాకట్టు. డబ్బిచ్చినవాడు, అప్పు తీరేదాకా పొలం అనుభవిస్తాడు. పంట వడ్డీ కిందికి పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఒక్కోసారి యజమానే తన మడిలో తాను పాలేగాడిగా మిగులుతాడు. అమ్మలేదు కాబట్టి పరువు నిలిచింది. పంట మాత్రం ఇంటికి రాదు.

దీని మీద ఇండోనేషియాలో 1960లోనే చట్టం వచ్చింది. తాకట్టు భూమిని ఏడేళ్లు అనుభవించాక, ఏ డబ్బూ అడగకుండా యజమానికి తిరిగి ఇచ్చేయాలి. చట్టం అంత స్పష్టంగా ఉన్నా చాలా ఊళ్లలో పాత పద్ధతే నడిచింది. తెలియనివాళ్లు కొందరు, తెలిసినా బంధువును అడగడానికి మొహమాటపడ్డవాళ్లు కొందరు. మన 1/70 చట్టం కాగితం మీద ఎంత గట్టిదో, ఊళ్లో ఎన్ని చోట్ల పక్కదారి పట్టిందో తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

పట్టా సంగతి కూడా అంతే. చాలాకాలం భూమి శిస్తు కాగితమే అక్కడ యాజమాన్యానికి రుజువుగా నడిచింది. 2017 నుంచి ప్రభుత్వం ఊరూరా భూములన్నీ కొలిచి సర్టిఫికెట్లు ఇచ్చే పని పెద్దఎత్తున చేపట్టింది. మంచిదే. కానీ ముగ్గురు తోబుట్టువులు వంతుగా దున్నే మడికి కాగితం ఎవరి పేరున రాయాలి? ఒక్కరి పేరున రాస్తే మిగతా ఇద్దరి హక్కు మాట మీద మాత్రమే నిలుస్తుంది. మన 2006 అటవీ హక్కుల చట్టం పట్టాను భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వమన్నది ఇలాంటి చిక్కు తెలిసే.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. 1980ల నుంచి ఎందరో బుగిస్ రైతులు కోకో తోటల కోసం మధ్య సులవేసి కొండలకు వలసపోయారు. అక్కడి స్థానిక జనం దగ్గర తక్కువ ధరకు భూములు కొన్నారు. సొంత ఊళ్లో మడి అమ్మడం నామోషీ అనుకునే రైతే, పక్క కొండలో మరొకరి భూమికి కొత్త యజమాని అయ్యాడు. వాళ్లు దుర్మార్గులని మేము అనడం లేదు. భూమి విలువ తెలిసినవాడు, తెలియనివాడి దగ్గరో అవసరంలో ఉన్నవాడి దగ్గరో కొంటాడు. ఆ బేరంలో మనం ఏ పక్కన నిలబడ్డామో మన తాతల కథలు చెబుతాయి.

నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అదే దక్షిణ సులవేసిలో, బుగిస్‌లకు పొరుగువారైన కజాంగ్ జనం తమ అడవిని పెద్దల కట్టుబాటుతో కాపాడుకున్నారు. 2016 డిసెంబర్‌లో సుమారు 313 హెక్టార్లను వాళ్ల సంప్రదాయ అడవిగా ప్రభుత్వం గుర్తించింది. కట్టుబాటు ముందు నుంచీ ఉంది, కాగితం తర్వాత వచ్చింది. రెండూ కలిశాకే బలం.

ఇదంతా విన్నాక మీకు మేము అప్పగించే పని ఒక్కటే. ఈ నెలలో మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చోండి. మన భూమి ఏ చెక్క ఎవరి నుంచి వచ్చింది? పోడు కొట్టిందెవరు? కాగితం ఎవరి పేరున ఉంది? తాకట్టులో ఏమైనా ఉందా, ఎప్పటి నుంచి? అత్తకు, చెల్లికి వాటా ఏది? అడిగి, నోట్‌బుక్‌లో రాసి, తేదీ వేయండి. పెద్దల చేత సంతకమో వేలిముద్రో పెట్టించండి. బుగిస్ పెద్దలు తాటాకు మీద, కాగితం మీద తమ వంశావళులు, సాగు రోజుల లెక్కలు రాసుకుని దాచారు. మనకు ఆ అలవాటు తక్కువ, మన జ్ఞాపకం బలం పెద్దల నోట్లో ఉంది. ఆ పెద్దలు ఉండగానే అడగాలి.

చదువుకో, ఉద్యోగానికో మీరు ఊరు దాటతారు, దాటాలి కూడా. బుగిస్ ఇంటిలాగా మనిషి ఎక్కడికైనా కదలొచ్చు. మడి కదలదు. అది ఎవరి చేతిలో ఉందో తెలుసుకుని మరీ కదలండి.