కాలకేయుడి ‘మిన్’, వేంపల్లె ‘వస్తాండా’

వేంపల్లె నుంచి ఇంకో ఎపిసోడ్.

2015లో ‘బాహుబలి’ వచ్చినప్పుడు నేను బీటెక్‌లో కొత్తగా చేరినా. హాస్టల్లో రూముకొక కాలకేయుడు! అందరి నోటా ఆ డైలాగులే.

అవి ఉత్త అరుపులు కాదు. తమిళ రచయిత మదన్ కార్కీ తయారు చేసిన భాష అది, పేరు కిలికి. సినిమా కోసం దాదాపు 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలు పెట్టినాడాయన. అందులో ‘నేను’ అంటే ‘మిన్’, ‘నువ్వు’ అంటే ‘నిమ్’. ‘మిన్’ శబ్దాలను వెనక నుంచి పలికితే ‘నిమ్’ వస్తుంది. ఆలోచించండి, నా ‘నేను’ మీకు ‘నువ్వు’ కదా! మాట్లాడే మనిషి మారితే పదం తిరగబడుతుంది. భలే లాజిక్.

ఇప్పుడు మన తెలుగు చూద్దాం. ‘వస్తాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కర్లేదు. ‘వస్తావు’ అంటే నువ్వు, ‘వస్తాడు’ అంటే అతను. ఎవరనేది క్రియ చివర్లోనే తెలిసిపోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మీటింగ్‌లో ‘రెండు నిమిషాలు, వస్తాండా’ అన్నా. అందరూ నవ్వినారు. వాళ్లలో కాలకేయుడి డైలాగు తప్పు లేకుండా చెప్పేవాళ్లూ ఉన్నారు! ఆ రోజు నుంచి నా మాట మార్చుకున్నా. అమ్మ ఫోన్లో ‘బాగుండావా నాయనా’ అంటే ‘బాగున్నానమ్మా’ అనేవాణ్ణి. ఒకరోజు అమ్మ అడిగింది: “ఏం నాయనా, పరాయోళ్లతో మాట్లాడినట్టు మాట్లాడతాండావ్?”

నా దగ్గర జవాబు లేదు.

తర్వాత కూర్చుని విడదీసి చూసినా. వస్తూ ఉన్నాను, కలిస్తే ‘వస్తున్నాను’. వస్తా ఉండాను, కలిస్తే ‘వస్తాండాను’. రెండింట్లోనూ ఉండేది ‘ఉండు’ అనే క్రియే. మన మాటలో ఆ ‘ఉండు’ ఇంకా బాగా వినపడుతుంది, అంతే తేడా. వస్తాండా, వస్తాండావ్, వస్తాండాడు. రూల్ ఎక్కడా తప్పలేదు.

ఒక మనిషి కూర్చుని రాసిన 40 సూత్రాలను మెచ్చుకున్నాం. మెచ్చుకోవాల్సిందే. మరి ఎవరూ రాసివ్వకుండానే మన అవ్వలు, తాతలు తప్పకుండా పాటించే సూత్రాలను చూసి నవ్వడమెందుకు?

ఇప్పుడు మీటింగుల్లో కూడా ‘వస్తాండా’ అనే అంటా. నవ్వితే ఈ లెక్క చెప్తా.

సరే, లోపల అమ్మ పిలుస్తాంది. వస్తాండా మా!